కోడిగారి తప్పులు

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చే అమ్మాయిలూ అబ్బాయిలూ అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, "మేడమ్, ఈ పని అసలు ఎలా ఉంటుందండి" అని అడుగుతుంటారు. నేను చెప్పడం మొదలుపెట్టి నాలుగు మాటలు కాకుండానే ఫోను చూసుకుంటారు. నేను గమనించలేదనుకుంటారు. గమనించాను. ఎవరెవరో కూడా గుర్తుంది. అందుకని ఇకమీదట నోటితో చెప్పదలుచుకోలేదు. రాసి ఇస్తున్నాను.

రాజమహేంద్రవరంలో ఒక ఆస్పత్రిలో, పిల్లల ఎదుగుదల విభాగంలో, సైకాలజిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. ఆస్పత్రి పేరు రాయను. మా డైరెక్టరు గారి పేరు కూడా రాయను. అది ఆయన మీద గౌరవం కాదు. రాస్తే ఆయన దీన్ని జిరాక్సు తీయించి నలుగురికీ పంచుతారు, తిట్టిన చోట కూడా పొగిడానని చెప్పుకుంటారు.

మూడు నుంచి ఏడేళ్ళ లోపు పిల్లలు తాము చేసిన తప్పు తామే గమనించుకోగలుగుతున్నారా లేదా చూడటం నా పని. అది ఒక ఉద్యోగమంటే ఎవరూ నమ్మరు. ఒక పెళ్ళిలో మా పెద్దాడపడుచు, "అంటే పిల్లల తప్పులు పట్టుకోడమా వదినా. అది మేమంతా ఇంట్లో ఊరికే చేసేస్తున్నాం కదా" అంది. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆవిడ ఆ రోజు కట్టుకున్న చీర రంగు కూడా నేను చెప్పగలను.

ఆవిడకి అప్పుడు చెప్పని జవాబు ఇక్కడ చెబుతాను. పిల్లల తప్పు పట్టుకోవడం నా పని కాదు. పిల్ల తన తప్పు తాను పట్టుకునేదాకా నోరు మూసుకుని కూర్చోవడం నా పని. చేసి చూడండి. రెండో నిమిషానికి మీ నోరు దానంతటదే తెరుచుకుంటుంది.

గది, కోడి, పిల్లి

నాకిచ్చిన గది జనరేటరు పక్కది. కరెంటు పోతే ఆ గదిలో చెప్పింది పిల్లలకి వినిపించదు. వినిపించనప్పుడు పిల్లలు తప్పులు చేస్తారు. ఆ సంగతి డైరెక్టరు గారికి చెబితే, "మీరు గట్టిగా మాట్లాడండి" అన్నారు. గదిలో ఉన్నవన్నీ పిల్లల కుర్చీలే. నాకు పెద్ద కుర్చీ కావాలని అడిగితే, "మీరు పిల్లల స్థాయికి దిగాలి కదమ్మా" అన్నారు. దిగాను. మోకాళ్ళు అరిగిపోయేదాకా దిగే ఉన్నాను. ఎవరైనా పెద్దమనుషులు ఆస్పత్రి చూడటానికి వస్తే నన్ను "మా ఆటల మేడమ్" అని పరిచయం చేసేవారు. చదువుకున్నదంతా గుమ్మం బయట వదిలేసి వచ్చినట్టుండేది.

పరీక్షకి రెండు చేతిబొమ్మలు కుట్టించాను, ఒక కోడిపుంజు, ఒక పిల్లి. ఆట చాలా తేలిక. కోడి చెప్పింది చెయ్యాలి. పిల్లి చెప్పింది చెయ్యకూడదు. కోడి "చప్పట్లు కొట్టు" అంటే కొట్టాలి. పిల్లి "చప్పట్లు కొట్టు" అంటే ఊరుకోవాలి. అంతే.

కోడిని ఎంచుకోవడం మీద కూడా పేచీ వచ్చింది. డైరెక్టరు గారికి అందులో పందెం వాసన కొట్టింది. మా అటెండరు వీర్రాజు మాత్రం బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది డేగాండి, కాకాండి" అని అడిగాడు.

"గుడ్డ వీర్రాజూ" అన్నాను.

"అది కనపడతానే ఉందండి. జాతేంటో అడుగుతున్నానండి."

ఆ ప్రశ్న పిల్లలతో వచ్చిన తండ్రులు కూడా అడిగారు. పిల్ల సంగతి అడిగే ముందు కోడి జాతి అడిగినవాళ్ళే ఎక్కువ.

తప్పు ఎక్కడ తెలుస్తుంది

కొత్తగా వచ్చేవాళ్ళు ఇది మాత్రం ఫోను పక్కన పెట్టి చదవండి.

మన నుదుటి వెనక, మెదడు రెండు సగాలూ ఆనుకునే నడిమి భాగంలో ఒక చోటుంది. మనం ఏదైనా పొరపాటు చేసిన మరుక్షణం, నోటితో "అయ్యో" అనకముందే, అక్కడ ఒక చిన్న విద్యుత్తు అల లేస్తుంది. పెద్దవాళ్ళలో ఆ అల బలంగా ఉంటుంది. పసిపిల్లల్లో బలహీనంగా ఉంటుంది, వయసుతో పాటు పెరుగుతూ యవ్వనం దాకా పెరుగుతూనే ఉంటుంది. అంటే మూడేళ్ళవాడు తప్పు చేసి నవ్వుతున్నాడంటే పొగరు కాదు. ఆ అల ఇంకా వాడికి సరిగ్గా వినపడటం లేదు.

మూడేళ్ళవాణ్ణి "పిల్లి చెబితే ఏం చేయాలి నాన్నా" అని అడగండి. "చెయ్యకూడదు" అంటాడు. వెంటనే పిల్లి చేత "చెవులు పట్టుకో" అనిపించండి. చెవులు పట్టుకుంటాడు. పట్టుకునే, "పిల్లి చెబితే చెయ్యకూడదు" అని మీకు మళ్ళీ చెబుతాడు. రూలు వాడి నోట్లో ఉంది, చేతుల్దాకా రాలేదు. ఇలాంటి ఒక బుడతడి తండ్రి, "చూశారా మేడమ్ గారూ, అచ్చం మా బావమరిదండి. అన్నీ తెలుసు, ఒక్కటీ చెయ్యడు" అన్నాడు. బావమరిది వయసు అడిగాను. ఆ వయసుకి మా విభాగంలో పరీక్షలు లేవని చెప్పాను.

నాలుగో ఏడు దాటాక చూడండి. పిల్లి "చెయ్యెత్తు" అనగానే కుడిచెయ్యి లేస్తుంది, ఎడమచెయ్యి వచ్చి దాన్ని పట్టుకుని కిందికి లాగుతుంది. ఒక పిల్లయితే రెండు చేతులమీదా కూర్చుంది, లేవకుండా. ఐదో ఏడు వచ్చేసరికి ఇంకోటి కనిపిస్తుంది. తప్పు చేసిన తర్వాతి సారి పిల్ల నెమ్మదిస్తుంది. ఆ చిన్న ఆలస్యం నాకు ఏ మార్కుల కంటే కూడా విలువైనది. లోపల ఎవరో "ఆగు" అన్నారన్నమాట.

ఇక్కడ మూడు సంగతులున్నాయి. తప్పు లోపల తగలడం ఒకటి. అది తప్పని తెలియడం వేరొకటి. తెలిసింది పైకి చెప్పడం ఇంకొకటి. మా డైరెక్టరు గారికి ఈ మూడూ ఒకటే. ఈ ఒక్క ముక్క ఆయనకి అర్థం చేయించడానికి నా సర్వీసు సరిపోలేదు.

కొబ్బరినూనె

ఆ అలని చూడటానికి తలకి తొడిగే వైర్ల టోపీలుంటాయి. మా ఆస్పత్రిలో వాడి చూడమని ఒకసారి ఎవరో ఒక టోపీ తెచ్చి ఇచ్చారు. డైరెక్టరు గారు రిబ్బను కూడా కత్తిరించారు. పిల్లలకి తల పరీక్ష ఉందని ముందురోజే ఇళ్ళకి కబురు పంపించింది ఆయనే. ఏం చెప్పి పంపించారో నన్ను అడగలేదు.

మన వైపు తల పరీక్ష అని కబురొస్తే ఏ నాయనమ్మ ఊరుకుంటుంది. పిల్లలు వచ్చారు. తలలు కొబ్బరినూనెతో నిగనిగలాడుతున్నాయి. నూనె చెంపల మీదికి, అక్కడినుంచి చొక్కా కాలర్లలోకి దిగింది. ఆడపిల్లలకి బిగించి జడలు వేసి, మల్లెపూల దండలు చుట్టి పంపించారు. డాక్టర్ల ముందు తల మాసి కనిపించకూడదని ఒకామె మాడుకి రెండోసారి ఆముదం కూడా అద్దింది. టోపీ తొడిగితే జారి ముక్కు మీదికొచ్చింది. వైర్లన్నీ కలిపి చూపించింది ఒకటే గీత. టోపీ తెచ్చినవాళ్ళు ఆ గీతని చూసి, పిల్లాడు చాలా ప్రశాంతంగా ఉన్నాడన్నారు. వాడప్పుడు వీర్రాజు చెయ్యి కొరుకుతున్నాడు.

"తలంటు పోసి పంపమని చెప్పాల్సింది" అన్నాను.

"ఆ మాట మీరు ముందే చెప్పాలి కదమ్మా" అన్నారు డైరెక్టరు గారు.

టోపీ వెళ్ళిపోయింది. నేను మళ్ళీ కోడి, పిల్లి దగ్గరికి వచ్చాను. ఒక మేలు మాత్రం జరిగింది. యంత్రం లేకపోతే కళ్ళు వాడాల్సి వస్తుంది. తప్పు చేయగానే పిల్ల చూపు ఎటు వెళుతుందో చూడటం నేర్చుకున్నాను. తన చేతివైపు చూసుకుంటే, తప్పు లోపల తగిలింది. అమ్మ మొహం వైపు చూస్తే, తప్పని ఎవరైనా చెబుతారేమోనని కాచుకుని ఉంది.

అమ్మ మొహం చూసే పిల్లలు ఎక్కడినుంచి వస్తారంటే, ముందే అరిచే ఇళ్ళనుంచి. రిటైరైన హెడ్మాస్టరు గారొకాయన మనవణ్ణి తీసుకొచ్చారు. బొమ్మ నోరు తెరవకముందే, "ఒరేయ్ తప్పు" అనేవారు. వాడింకా ఏమీ చేయలేదు. వాడు గబుక్కున చెయ్యి దించుకునేవాడు, ఎత్తని చెయ్యి. కాసేపటికి ఆయన కోడిని కూడా సరిదిద్దారు. ఆ తర్వాత నావైపు తిరిగి, "ఏమ్మా, ఎంతదాకా చదువుకున్నావ్" అన్నారు. చెప్పాను. "ఊఁ" అన్నారు. ఆ "ఊఁ" ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఆయన్ని బయట కూర్చోబెట్టాక మనవడు మొదటిసారి తన చేతివైపు చూసుకుని, "అయ్ బాబోయ్, పిల్లి కదా" అన్నాడు. కొత్తగా వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. పెద్దవాళ్ళని బయట కూర్చోబెట్టండి. పిల్ల ఎదుగుదలకి మీరు చేసే సాయంలో సగం అదే.

మేఘన

ఇప్పుడు మేఘన సంగతి. ఇది రాయడానికే మిగతాదంతా రాశాను.

మేఘనకి అప్పుడు ఐదున్నరేళ్ళు. వాళ్ళది కోనసీమలో ఒక ఊరు. తండ్రి ఉద్యోగం కోసం రాజమండ్రి వచ్చారు. తల్లి పేరు సునీత. పిల్ల యూకేజీ అయిపోయింది, ఒకటో తరగతికి వెళ్ళాలి. స్కూలువాళ్ళు ఒప్పుకోలేదు. బోర్డు మీద టీచరు కావాలని తప్పు రాసి, "ఇది కరెక్టా పిల్లలూ" అంటే, మిగతావాళ్ళంతా కాదని అరుస్తుంటే ఈ పిల్ల ఒక్కతే "కరెక్టేనండి" అంటుందట. తప్పు గుర్తించే తెలివి లేదన్నారు. మా ఆస్పత్రి నుంచి మంచి రిపోర్టు తెస్తే సరి, లేకపోతే నెమ్మదిగా నేర్చుకునే పిల్లల సెక్షన్లో వేస్తామన్నారు.

"ఆ సెక్షన్లో వేస్తే ఇంక అందులోంచి తియ్యరండి" అంది సునీత. "మా పక్కింటి పిల్లాణ్ణి అలాగే వేశారండి. ఇప్పుడు వాడు ఎవరడిగినా, నేను నెమ్మదండి అని చెప్పుకుంటున్నాడండి."

ఆ మాట విన్నాక నాకు ఈ కేసు వదలబుద్ధి కాలేదు.

మేఘన వచ్చి చిన్న కుర్చీలో కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంది. ఆ రోజు కోడి చేత బొమ్మల పేర్లు చెప్పించాను. కోడి తప్పు చెబితే పిల్ల పట్టుకోవాలి. అరటిపండు బొమ్మ చూపించి కోడి "ఇది కొబ్బరికాయ" అంది.

"కరెక్టేనా మేఘనా?"

"కరెక్టేనండి."

గేదెని చూపించి కోడి "ఇది సైకిలు" అంది.

"అవునండి" అంది మేఘన.

సైకిల్ని గేదె అంది కోడి. మేఘన కొంచెంసేపు బొమ్మవైపు, కోడివైపు చూసింది. "బాగుందండి" అంది.

కోనసీమ పిల్ల అరటిపండుని కొబ్బరికాయ అంటే ఒప్పుకుంది. నాకు అనుమానం వచ్చింది. డైరెక్టరు గారికి రాలేదు. ఆయన తలుపు దగ్గర నిలబడి చూసి, "స్పష్టంగా ఉందమ్మా. ఆ సెక్షన్కి రాసెయ్యండి" అని వెళ్ళిపోయారు.

పిల్లని తీసుకుని సునీత బయటికి వెళ్ళింది. నేను తలుపు వేయబోతుంటే వరండాలో మేఘన గొంతు వినిపించింది.

"అమ్మా, పాపం కోడిగారికి ఏమీ రాదు. గేదె కూడా తెలీదు."

"మరి చెప్పలేకపోయావా?"

"కోడిగారు బాధపడతారు కదా."

నేను అక్కడే నిలబడిపోయాను. నాకు వెంటనే తెలిసింది, ఈ తప్పు ఎవరిదో. నాది కాదు.

అంతకు కొన్నాళ్ళ ముందు ఎవరో పెద్దమనిషి గారి మేనమామని మా కౌంటరులో "నువ్వు" అన్నారట. గొడవైంది. అప్పటినుంచి ఆస్పత్రిలో అందరినీ, ప్రతి ఒక్కరినీ, గారు పెట్టి పిలవాలని డైరెక్టరు గారు ఆర్డరు వేశారు. వీర్రాజు ఏ ఆర్డరైనా తూచా తప్పడు. "మేడమ్ గారూ, కోడిగారిని తెచ్చానండి. పిల్లిగారు ఉతుకుడుకి వెళ్ళారండి" అని చెప్పడం మొదలుపెట్టాడు. ఆ రోజు కూడా మేఘన ముందే బొమ్మని రెండు చేతులతో తెచ్చి, "కోడిగారు వచ్చారండి" అని బల్లమీద కూర్చోబెట్టి వెళ్ళాడు. పిల్ల లేచి నిలబడి నమస్కారం పెట్టింది. అప్పుడు ముద్దుగా ఉందనుకున్నాం.

సునీతని లోపలికి పిలిచి, మీ ఇంట్లో ఎవరి తప్పైనా ఎవరైనా చెబుతారా అని అడిగాను.

"మా అత్తగారు ఒప్పుకోరండి. వచ్చినాళ్ళ ముందు తప్పు ఎన్నకూడదంటారు. ఒకసారి చుట్టాలొచ్చి పులుసు తాగుతున్నారండి. అందులో ఉప్పుకి బదులు పంచదార పడిందండి. వాళ్ళేమో, ఆహా ఎంత బాగుందండీ అని ఇంకో గరిట వేయించుకున్నారండి. మా అత్తగారేమో మర్యాద తెలిసిన మనుషులని మెచ్చుకున్నారండి. ఇద్దరికీ తెలుసండి. ఎవరూ బయటపడలేదండి."

"మేఘన అక్కడే ఉందా?"

"తనకీ పోశామండి. తాగేసిందండి."

ఇంకేం కావాలి. ఈ పిల్లకి తప్పు లోపల తగులుతోంది. తప్పని తెలుస్తోంది. చెప్పడం ఒక్కటే రానివ్వలేదు. నెమ్మదిగా నేర్చుకునే పిల్ల కాదిది. మన జిల్లాల మర్యాదని ఐదేళ్ళకే పూర్తిగా నేర్చేసుకున్న పిల్ల.

డైరెక్టరు గారి దగ్గరికి వెళ్ళి చెప్పాను. "వరండాలో అన్నది లెక్కలోకి రాదమ్మా" అన్నారు. "అయితే మళ్ళీ పెడతాను. మీరూ కూర్చోండి, ఆ స్కూలు ప్రిన్సిపాల్ గారిని కూడా రమ్మనండి" అన్నాను. వద్దన్నారు. నేను రోజూ ఆయన గదిలోకి వెళ్ళి అదే మాట అడిగాను. భోజనం చేస్తుంటే అడిగాను. లిఫ్టులో అడిగాను. ఆయన మెట్లెక్కడం మొదలుపెట్టారు. మెట్ల మీద అడిగాను. నేను మొండిదాన్నని అందరూ అంటారు. ఆ మొండితనానికి ఒక పిల్ల ఒకటో తరగతి ఆధారపడి ఉంటే తప్పేంటో నాకిప్పటికీ తెలియదు. చివరికి ఆయనకి ఆయాసమొచ్చి ఒప్పుకున్నారు.

ముక్కు

ప్రిన్సిపాల్ గారు వచ్చారు. ఆవిడ ఒక పిల్లల కుర్చీలో సగమే కూర్చోగలిగారు. డైరెక్టరు గారు తన గదిలోంచి పెద్ద కుర్చీ తెప్పించుకున్నారు. అడిగితే నాకు రాని కుర్చీ అది, అడక్కుండానే వచ్చింది. సునీత గోడ దగ్గర నిలబడి కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది. వీర్రాజుని ఆ రోజు బొమ్మల దగ్గరికి రానివ్వలేదు.

మేఘనతో, "ఇవాళ కోడి మీ తమ్ముడనుకో. చిన్నవాడు. వీడికేమీ తెలీదు, నువ్వే నేర్పాలి" అన్నాను. బొమ్మల పేర్ల ఆట మొదలుపెట్టాను. అరటిపండుని చూసి కోడి "కొబ్బరికాయ" అంది.

మేఘన ముందుకి వంగింది. "ఏరా, కళ్ళు కనపడట్లేదా? అరటిపండు. చెప్పు, అరటిపండు."

గేదెని సైకిలంది కోడి. "ఎక్కి తొక్కు చూద్దాం" అంది మేఘన. "ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు. పక్కింటోళ్ళు వింటే నవ్వుతారు." కోడి తల మీద చిన్నగా ఒకటి మొట్టింది. సునీత తల దించుకుంది. అదంతా ఎవరి గొంతో నాకు అర్థమైంది.

ప్రిన్సిపాల్ గారు నోరు తెరిచి చూస్తున్నారు. అక్కడితో ఆపేసి ఉంటే బాగుండేది. డైరెక్టరు గారు ఆపనివ్వలేదు.

"బొమ్మని తిట్టడం కాదమ్మా. తన తప్పు తను ఆపుకోగలదా అన్నది ముఖ్యం. ఆ రెండో ఆట పెట్టండి. పాపతో పాటు నేనూ ఆడతాను, ధైర్యంగా ఉంటుంది" అని కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

కోడి చెప్పింది చెయ్యాలి, పిల్లి చెప్పింది చెయ్యకూడదు. కోడి "చప్పట్లు" అంది. ఇద్దరూ కొట్టారు. కోడి "తల మీద చెయ్యి" అంది. ఇద్దరూ పెట్టారు. డైరెక్టరు గారు ప్రిన్సిపాల్ గారి వైపు చూసి, చూశారా అన్నట్టు కనుబొమలెగరేశారు. అప్పుడు పిల్లి, "ముక్కు పట్టుకో" అంది.

డైరెక్టరు గారు ముక్కు పట్టుకున్నారు.

మేఘన చెయ్యి కొంచెం లేచి ఆగింది. నేను ఆ చేతినే చూస్తున్నాను. ఎడమచెయ్యి వచ్చి కుడిచేతిని పట్టుకుంది. పిల్ల తన చేతివైపు చూసుకుంది, పిల్లివైపు చూసింది, తర్వాత డైరెక్టరు గారి వైపు చూసింది. ఆయన ముక్కు పట్టుకుని దర్జాగా కూర్చుని ఉన్నారు. మేఘన ఒక క్షణం ఆలోచించింది. ఆ తర్వాత నెమ్మదిగా, ఎవరో నిద్రపోతుంటే లేపకుండా నడిచినంత నెమ్మదిగా, చెయ్యి ఎత్తి తన ముక్కు తాను పట్టుకుంది.

"అదిగో" అన్నారు డైరెక్టరు గారు. ముక్కు పట్టుకునే ఉన్నారు కాబట్టి గొంతు సన్నగా వచ్చింది. "చేసేసింది. చూశారా అండి ప్రిన్సిపాల్ గారూ. ఆపుకోలేదు."

"చెప్పింది పిల్లి కదండి" అన్నాను.

"అదే నేననేది. పిల్లి చెబితే చెయ్యకూడదు కదా."

"మరి మీరు పట్టుకున్నారండి."

డైరెక్టరు గారు చెయ్యి కోసం కిందికి చూసుకున్నారు, అది అక్కడ లేదు. "నాకు తెలుసు" అన్నారు. "పరీక్షించడానికే కావాలని పట్టుకున్నాను." ముక్కు మాత్రం వదల్లేదు. వదిలితే ఒప్పుకున్నట్టవుతుందని కాబోలు.

నేను మేఘన పక్కకి నా కుర్చీ జరిపాను. "పిల్లి చెప్పిందని నీకు తెలుసా?"

తల ఊపింది.

"మరి ఎందుకు పట్టుకున్నావు?"

పిల్ల వాళ్ళమ్మ వైపు చూసింది. సునీత కొంగు వదిలేసి, "చెప్పు తల్లీ. పర్లేదు. ఇక్కడ చెప్పొచ్చు" అంది.

మేఘన ముక్కు వదలకుండానే చెప్పింది. "పెద్దాయన కదండి. ఒక్కరే తప్పు చేస్తే బాగోదండి."

ప్రిన్సిపాల్ గారు నవ్వుతారనుకున్నాను. ఆవిడ లేస్తే ఆ చిన్న కుర్చీ కూడా కొంచెం దూరం ఆవిడతో లేచింది. అది తీసి పక్కన పెట్టి, "అంటే తప్పులన్నీ తెలుస్తాయన్నమాట" అన్నారు.

"అన్నీనండి" అన్నాను.

"కానీ పెద్దవాళ్ళకి చెప్పదు."

"చెప్పదండి."

"టీచర్లకి కూడా?"

"ఇప్పటికైతే లేదండి."

ఆవిడ మొహం విచ్చుకుంది. "మాకు కావాల్సింది ఇలాంటి పిల్లలేనండి. మామూలు ఒకటో తరగతిలోనే వేసేస్తాం" అన్నారు. సునీత రెండు చేతులూ ఎత్తి ఆవిడకి దణ్ణం పెట్టింది. డైరెక్టరు గారు ముక్కు వదిలి, ఇది తాము కొత్తగా కనిపెట్టిన పద్ధతని, పెద్దవాళ్ళు కావాలని తప్పు చేసి పిల్లల్ని చూడటం ఇందులో కీలకమని ఆవిడకి వివరిస్తూ లిఫ్టు దాకా వెళ్ళారు. ఆ తర్వాత రెండు మీటింగుల్లో ఆయన ఆ పద్ధతి గురించి మాట్లాడారు. నా పేరు ఎత్తలేదు. ముక్కు సంగతి కూడా ఎత్తలేదు.

పిల్ల గట్టెక్కింది. నాకు మాత్రం సంతోషం సగమే మిగిలింది. ఏ కారణానికి ఆ పిల్లని తీసుకున్నారో చూశారు కదా. తప్పు తెలిసీ నోరెత్తని పిల్ల అందరికీ హాయి. ఆ పిల్లకి తప్ప. లోపల లేచిన అలని ఎప్పుడూ పైకి రానివ్వకపోతే, కొన్నాళ్ళకి తనకి కనిపించింది నిజమో కాదో తనకే అనుమానం వస్తుంది. ఇది ఏ యంత్రమూ చూపించిన సంగతి కాదు. అలా పెరిగిన పెద్దవాళ్ళని చూసి చెబుతున్నాను. వాళ్ళు ఉప్పు లేని పులుసు తాగి, ఉప్పు తమ నాలుకకే తెలియట్లేదేమో అనుకుంటారు.

అందుకని సునీతకి ఒక పని చెప్పాను. ఇంట్లో రోజూ పిల్ల ముందు కావాలని ఏదో ఒక తప్పు చెయ్యండి, తను పట్టుకునేదాకా ఆగండి, పట్టుకుంటే మెచ్చుకోండి అన్నాను.

"కావాలనెందుకండి. మామూలుగానే బోలెడు చేస్తానండి" అంది సునీత.

"మీ అత్తగారు?"

"ఆవిడ చెయ్యరండి." గొంతు తగ్గించింది. "చెయ్యరని చెబుతామండి."

"మొదలు అక్కడ పెట్టండి" అన్నాను.

వెళ్ళేముందు సునీత చెప్పులు వేసుకుంటుంటే మేఘన ఒక్కతే వెనక్కి వచ్చింది. తలుపు సగం తీసి నిలబడింది.

"మేడమ్ గారండి."

"ఏంటమ్మా?"

"మీరూ ఒకటి తప్పు చెప్పారండి."

ఇన్నేళ్ళ సర్వీసులో నా తప్పు నాకు చెప్పడానికి వెనక్కి వచ్చినవాళ్ళు లేరు. చాటుగా చెప్పినవాళ్ళే అందరూ. నా ఒళ్ళు మండాలి, మండలేదు.

"ఏది చెప్పాను?"

పిల్ల చెప్పబోయింది. పెదవులు విడిపోవడం కూడా చూశాను. ఇంతలో ఎడమచెయ్యి వచ్చి కుడిచేతిని పట్టుకుంది. నా మొహంలోకి ఒకసారి చూసి, నేను తట్టుకోగలనో లేదో బేరీజు వేసుకుంది.

"పెద్దయ్యాక చెబుతానండి" అంది.

"నువ్వా, నేనా?"

నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఎనిమిదో తరగతి చదువుతోంది. మొన్న సునీత దేవీచౌక్ దగ్గర కనపడితే పిల్ల ఎలా ఉందని అడిగాను. వాళ్ళ లెక్కల మాస్టారు ఇంటికి ఫోను చేశారట, క్లాసులో చెయ్యెత్తుతోందని. మరీ ఎక్కువగా ఎత్తుతోందని.

ఇంకా నా దగ్గరికి రాలేదు. వస్తుంది.